తాగుడు మానేశాక నలుగురిలో నెగ్గుకు రావడం ఎలా: ఓపీలో చికిత్స తీసుకుంటున్నవాళ్లకు మార్గదర్శి

“సార్, మాత్రలు వేసుకుంటున్నా. చేతుల వణుకు తగ్గింది, నిద్ర పడుతోంది. కానీ శనివారం సాయంత్రం కలిసి తాగే ఫ్రెండ్స్ ఫోన్ చేస్తే ఏం చెప్పాలి?”

డీఅడిక్షన్ ఓపీలో కౌన్సెలర్‌గా నేను ఎక్కువగా వినే ప్రశ్న ఇదే. మాత్రల సంగతి డాక్టర్ చెబుతారు. ఈ ప్రశ్నకు మాత్రం చాలామందికి దొరికే జవాబు “ఆ ఫ్రెండ్స్‌ని వదిలెయ్”. చెప్పేవాళ్లకు అది తేలికే. ఆ ఫ్రెండ్స్‌లో ఒకడు కూలి ఇచ్చే మేస్త్రీ, ఇంకొకడు సొంత బావమరిది, మూడోవాడు పక్కింటివాడు అయితే ఎవర్ని వదిలేస్తారు?

వార్డులో చేరినవాళ్లకు గేటు కాపలా ఉంటుంది. ఓపీ వాళ్లు ఆ సాయంత్రమే అదే వైన్స్ ముందు నుంచి ఇంటికి పోవాలి. కేంద్ర ప్రభుత్వం 2019లో విడుదల చేసిన సర్వే ప్రకారం మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక సాయం అందింది. ఆస్పత్రిలో చేరి చికిత్స పొందింది 180 మందిలో ఒక్కరే. గేటు లేకుండా నెగ్గుకు రావాల్సినవాళ్లే ఎక్కువన్నమాట. ఇది వాళ్ల కోసం.

ఉదాహరణలన్నీ మందు గురించే ఇచ్చాను. గంజాయి, మత్తు మాత్రలు, గుట్కా మానుతున్నవాళ్లకు కూడా రెండో అంశం నుంచి అంతా ఇలాగే పనిచేస్తుంది.

## 1. ముందు ఒళ్లు కుదుటపడాలి

రోజూ గట్టిగా తాగేవాళ్లు ఉన్నట్టుండి ఆపేస్తే మొదటి నాలుగు రోజులు ప్రమాదం. చివరిసారి తాగిన 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమటలు, గుండెదడ మొదలవుతాయి. ఫిట్స్ వస్తే ఎక్కువగా మొదటి రెండు రోజుల్లోనే వస్తాయి. రెండో రోజుకీ నాలుగో రోజుకీ మధ్య మనిషి తికమకగా మాట్లాడినా, లేనివి కనబడుతున్నాయన్నా గాలి సోకిందని తాయెత్తులు కట్టించకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి.

కల్లు తాగేవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. తెలంగాణలో చాలాచోట్ల దుకాణం కల్లులో ఆల్ప్రజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు మందులు కలుపుతారు. “నేను మందు ముట్టను సార్, కల్లే” అన్నవాళ్లకే ఆపిన రెండు మూడు రోజులకు ఫిట్స్ రావడం చూస్తుంటాం. 2020 మార్చి చివర లాక్‌డౌన్‌లో దుకాణాలు మూతపడ్డప్పుడు ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి జనం అంతగా వచ్చింది ఇందుకే. రోజుకు ఎన్ని సీసాలో దాచకుండా చెప్పండి. ఆడవాళ్లు దీన్ని మరీ దాస్తారు, దాంతో మాత్రల మోతాదు తప్పుతుంది.

డైసల్ఫిరాం (తాగితే ఒంటికి పడకుండా చేసే మాత్ర) వాడుతుంటే ఇవి గుర్తుంచుకోండి:

☐ చివరి మాత్ర వేసుకున్న తర్వాత రెండు వారాల దాకా మందు పడదు. ముఖం ఎర్రబడటం, వాంతులు, దడ, బీపీ పడిపోవడం, కొందరికి ప్రాణం మీదికి రావడం.
☐ ఆల్కహాల్ ఉన్న దగ్గు సిరప్, మౌత్‌వాష్ కూడా వద్దు. సీసా మీద చదవండి.
☐ ఇంట్లోవాళ్లు చెప్పకుండా సాంబారులో కలపడం ఎట్టి పరిస్థితుల్లోనూ కూడదు. ఇలా కలిపి మనిషిని ఐసీయూ దాకా తెచ్చుకున్న కుటుంబాలున్నాయి.

ఒళ్లు కుదుటపడటానికి వారం పది రోజులు పట్టొచ్చు. ఆ రోజుల్లో కింది పాఠాలు ఎక్కవు. చదివి పక్కన పెట్టుకోండి చాలు.

## 2. మీ వారాన్ని కాగితం మీద పెట్టండి

అమెరికా మనస్తత్వవేత్త అలాన్ మార్లాట్, చికిత్స తర్వాత మళ్లీ తాగినవాళ్లను కూర్చోబెట్టి “సరిగ్గా ఆ ముందు ఏం జరిగింది?” అని అడిగాడు. జవాబుల్లో ముప్పావు వంతు దాకా మూడు గంపల్లో పడ్డాయి: మనసు బాగా లేకపోవడం, ఎవరితోనో గొడవ, పక్కవాళ్ల బలవంతం. అందులో రెండు గంపలు మనుషులవే. కాబట్టి లెక్క మనుషులతో మొదలెట్టాలి.

ఒక నోటు పుస్తకం తీసుకుని, గడిచిన నెలలో తాగిన పది సందర్భాలు గుర్తు తెచ్చుకుని ఒక్కోదానికి అయిదు విషయాలు రాయండి:

☐ ఏ రోజు, ఎన్ని గంటలకు
☐ ఎక్కడ
☐ పక్కన ఎవరు
☐ మొదటి మాట ఎవరన్నారు, ఏమన్నారు
☐ అప్పటికి మీరెలా ఉన్నారు: ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట, సంతోషం

నాలుగో గడిని అందరూ దాటేస్తారు. అసలు విషయం అక్కడే ఉంటుంది.

మా దగ్గరికి వచ్చే ఒక టైల్స్ పనివాడి కాగితంలో పదింట ఆరు శనివారం సాయంత్రం ఆరున్నరకే పడ్డాయి. చోటు వైన్స్ పక్కన పర్మిట్ రూమ్. మొదటి మాట మేస్త్రీది: “పద, లెక్క అక్కడ చూసుకుందాం.” అంటే ఇతను అక్కడికి పోతున్నది వారం కూలి డబ్బు తీసుకోవడానికి. బట్వాడా జరిగే చోటే అది. ఏడాదిగా ఇంట్లో జరుగుతున్న గొడవంతా “నీకు ఒట్టు మీద నిలబడటం రాదు” అన్న దాని మీదే నడిచింది. మార్చాల్సింది బట్వాడా చోటని ఎవరికీ తోచలేదు.

అతను మేస్త్రీకి చెప్పాల్సిన మాట ఒక్కటే: “అన్నా, నా డబ్బు ఫోన్‌పే చెయ్. లెక్క సోమవారం పొద్దున సైట్‌లో చూసుకుందాం.” ఆ ఒక్క మాట నోటికి రావడానికి మాకు రెండు వారాలు పట్టింది. ఆ సంగతి అయిదో అంశంలో చెబుతాను.

కాగితం పూర్తయ్యాక మనుషుల పేర్ల పక్కన మూడు గుర్తుల్లో ఒకటి పెట్టండి:

☐ కలిస్తే తాగుడే, ఇంకో మాట ఉండదు: మూడు నెలలు కలవకండి.
☐ కలవక తప్పదు, తాగుడు మధ్యలో వస్తుంది: చోటు, టైము మార్చండి. సాయంత్రం కాకుండా పొద్దున, బార్ కాకుండా టీ కొట్టు.
☐ తాగరు, లేదా మీ ముందు తాగరు: ఈ పేర్లు ఎన్నో లెక్కపెట్టండి. రెండు కూడా లేకపోతే ముందు ఎనిమిదో అంశం చదవండి.

## 3. ఎవరికి ఎంత చెప్పాలి

అందరికీ చెప్పేయాలన్న రూలేమీ లేదు. ఎవరికీ చెప్పకుండా నెట్టుకురావడం మాత్రం కష్టం. ఎవరికి ఎంత చెప్పాలో ముందే తేల్చుకోండి.

మొత్తం చెప్పాల్సినవాళ్లు ఇద్దరు ముగ్గురు. భార్య లేదా భర్త, ఒక అన్నో తమ్ముడో, తాగని ఒక స్నేహితుడు. ఏ మాత్ర వాడుతున్నారో, ఓపీ తేదీ ఎప్పుడో, ఏ రోజులు కష్టంగా ఉంటాయో వీళ్లకు తెలియాలి.

సగం చెప్పాల్సినవాళ్లు. కలిసి పనిచేసేవాళ్లు, బావమరుదులు, వరసైనవాళ్లు. “మానేశాను. డాక్టర్ దగ్గర చూపించుకుంటున్నా.” దీని మీద ఒక్క ముక్క ఎక్కువ వద్దు.

అక్కర్లేనివాళ్లు. పెళ్లిలో ఎదురైన దూరపు చుట్టం, బస్సులో పరిచయమైనవాడు. “నేను తీసుకోనండి” చాలు.

ఇక్కడ తరచూ జరిగే తప్పు ఉత్సాహం. మూడో రోజే వాట్సాప్ స్టేటస్‌లో “నేటి నుంచి మందుకు గుడ్‌బై” అని పెట్టేస్తారు. మర్నాటి నుంచి ఊరంతా పరీక్షలు పెట్టడానికి సిద్ధం. నెల దాకా ప్రకటనలు వద్దు.

చికిత్స సంగతి ఆఫీసులో తెలిసిపోతుందేమోనన్న భయం చాలామందిలో ఉంటుంది. మీ వివరాలు బయటికి పొక్కకుండా చూడటం 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఆస్పత్రి బాధ్యత. మెడికల్ సర్టిఫికెట్ కావాలంటే అందులో ఏం రాస్తారో ముందే డాక్టర్‌ని అడగండి.

## 4. “వద్దు” అనడం

అసలు పని ఇక్కడుంది. మొహమాటానికి పోతే ఏమవుతుందో మనకొక మొరటు సామెత ఉంది, తెలియనివాళ్లుండరు, ఇక్కడ రాయను. మందు మాన్పించే మాత్రలున్నాయి గాని మొహమాటం మాన్పించే మాత్ర రాలేదు. దాన్ని సాధన చేసే పోగొట్టుకోవాలి. ధైర్యవంతులు, పిరికివాళ్లు అన్న తేడా నాకు ఇన్నేళ్లలో కనబడలేదు. సాధన చేసినవాళ్లు, చేయనివాళ్లు, అంతే.

వరస ఇది. తారుమారు చేయకండి.

ఒకటి: వెంటనే అనండి. గ్లాసు మీ వైపు కదలగానే. “ఊఁ… ఏమో… చూద్దాం” అంటూ రెండు క్షణాలు ఆగారా, ఎదుటివాడికి బేరం దొరికినట్టే.

రెండు: చిన్న వాక్యం, కారణం లేకుండా. “వద్దన్నా, నేను తాగట్లేదు.” కారణం చెబితే దానికి విరుగుడు వస్తుంది. “గ్యాస్ ట్రబుల్” అంటే “బ్రాందీకి గ్యాస్ రాదు” అంటారు. “జలుబు” అంటే ఇంక చెప్పనక్కర్లేదు, మన దేశంలో జలుబుకి రమ్మే కదా వైద్యం.

మూడు: బదులు ఏదో ఒకటి మీరే అడగండి. “సోడా ఉంటే ఇటివ్వు.” పోసేవాడి చేతికి పని దొరుకుతుంది, మర్యాద చేశానన్న తృప్తీ ఉంటుంది. సీసా మూత మాత్రం మీరే తీయండి. కూల్‌డ్రింకులో కలిపేసి తమాషా చూసేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఒకడుంటాడు. జీరో ఆల్కహాల్ బీరు వద్దు, ఆ వాసనా ఆ చేదూ పాత దారి గుర్తు చేస్తాయి.

నాలుగు: మాట మళ్లించండి. అతని గురించే అడగండి. “పాపకి సీటు ఎక్కడొచ్చింది?” “బోరు వేయించావటగా, నీళ్లు పడ్డాయా?” తన సంగతి మాట్లాడుతున్న మనిషి గ్లాసు మర్చిపోతాడు.

అయిదు: మూడోసారి అడిగితే ఆపమని చెప్పండి. “మూడుసార్లు అడిగావు. ఇంక అడగొద్దు, నాకు ఇబ్బందిగా ఉంది.” నవ్వుతూ అనకండి. నవ్వారంటే ఇంకోసారి అడగమన్నట్టే.

ఆరు: లేవండి. చెప్పులేసుకుని బయటికి రండి. ఎవరికీ టాటా చెప్పనక్కర్లేదు. కోపం తెచ్చుకుంటే రేపు ఫోన్ చేసి మాట్లాడుకోవచ్చు.

బలవంతం చేసేవాళ్లు అందరూ ఒకలా ఉండరు, జవాబూ ఒకలా ఉండదు.

ప్రేమగా పోసే బావ: “నా మీద ఒట్టు బావా, ఒక్కటే.” — “ఒట్టు తీసి గట్టు మీద పెట్టు బావా. అక్క చేత్తో ఆ చేపల పులుసు వేయించు, తిని పోతా.” తిండి కాదంటే బాధపడతారు కాబట్టి తిండి కాదనకండి.

ఎకసెక్కాలాడేవాడు: “ఏందిరా, పెద్ద సాధువైనవా? పెండ్లాం పర్మిషన్ ఇయ్యలేదా?” — “అవునన్నా, ఇయ్యలే.” ఒప్పేసుకోండి. ఎకసెక్కానికి కావాల్సింది వాదన. అది దొరక్కపోతే చప్పబడిపోతుంది. ఇది మగవాళ్లకు అన్నిటికన్నా కష్టమైన వాక్యమని నాకు తెలుసు. అందుకే ముందు దీన్నే సాధన చేయిస్తాను.

పరీక్షించేవాడు: “మూడు నెలలైంది కదా, ఇప్పుడు కంట్రోల్ ఉంటుందిలే.” — “మొదటిది తాగకపోవడం వరకే నాకు కంట్రోల్.”

ఆఫీసు పార్టీలో పైవాడు: “సార్, నేను తీసుకోవట్లేదు. మీరు కానివ్వండి.” చేతిలో లైమ్ సోడా పెట్టుకుని అతని పక్కనే పది నిమిషాలు నిలబడి మాట్లాడండి. మనిషి కనబడ్డాడా లేదా అన్నదే వాళ్లకు గుర్తుంటుంది. మీ గ్లాసులో ఏముందో ఎవరూ చూడరు.

తప్పులు, వాటి దిద్దుబాట్లు:

☐ “ఇవాళ వద్దు.” అంటే రేపు అన్నమాట. “తాగట్లేదు” అనండి.
☐ “డాక్టర్ యాంటీబయోటిక్ ఇచ్చారు.” ఒక్కసారే కలిసే మనిషికి పరవాలేదు. రోజూ కలిసేవాడికి ఈ అబద్ధం వారం కన్నా నిలవదు.
☐ ఎదుటివాళ్లకు హితబోధ. “నువ్వూ మానెయ్యరా” అన్న మరుక్షణం మీరు వాళ్లకు పందెం కోడి అయిపోతారు.
☐ వాళ్లకు తోడుగా కూర్చుని పల్లీలు, మిక్చర్ తినడం. మొదటి మూడు నెలలు ఇది ధైర్యం కిందికి రాదు.

## 5. రిహార్సల్: నోటితో పాటు చేతికి కూడా

ఈ భాగాన్ని “తెలిసిందేగా” అని వదిలేస్తారు. టైల్స్ పనివాడి సంగతి ఇక్కడ చెప్పాలి.

గ్రూపులో నేను మేస్త్రీ వేషం కట్టాను. కాగితం గ్లాసులో గోలీసోడా పోసి ముందుకు చాపాను. “వద్దన్నా, నేను తాగట్లేదు” అన్నాడు, గొంతు కూడా బాగానే ఉంది. కుడిచెయ్యి మాత్రం వచ్చి గ్లాసు అందుకుంది. అందరూ ఘొల్లుమన్నారు. అతనూ నవ్వి, ఆ తర్వాత తన చేతి వైపు చూసుకుంటూ ఉండిపోయాడు. సిమెంటుకి గోళ్లు అరిగిపోయిన చెయ్యి. “పదిహేనేళ్లు సార్. గ్లాసు కనబడితే దానంతట అదే పోతది.”

అప్పటి నుంచి రిహార్సల్‌లో చేతికి కూడా పని చెబుతున్నాం. కుడిచేతిలో ముందే ఏదో ఒకటి ఉండాలి: హెల్మెట్, నీళ్ల సీసా, ఫోన్, చంటిపిల్ల. ఒక అడుగు వెనక్కి వేసి అప్పుడు “వద్దు” అనాలి.

చేసే పద్ధతి:

1. మీ కాగితం మీద నుంచి అన్నిటికన్నా తేలికైన సందర్భం తీసుకోండి. కష్టమైనది చివరికి.
2. ఎదుటివాడి వేషానికి కౌన్సెలర్, గ్రూపులో ఇంకొకరు, లేదా తాగని స్నేహితుడు. భార్య చేత వేయించకండి, రిహార్సల్ నిజమైన గొడవైపోతుంది.
3. నిజంగా అతను వాడే మాటలే వాడమనండి, తిట్లతో సహా.
4. మొదటి సారి అయ్యాక వేషాలు మార్చుకోండి. మీరు పోసేవాడిగా ఉండి చూస్తే, గట్టిగా చెప్పినవాడి మీద రెండోసారి బలవంతం చేయబుద్ధి కాదని తెలుస్తుంది.
5. మళ్లీ మీ వేషం మీరే వేయండి. ఫోన్‌లో రికార్డు చేసి వినండి. వాక్యం చివర గొంతు తగ్గిందా? “వద్దు” తర్వాత “అనుకుంటున్నా” తగిలించారా?
6. ఒక్కో సందర్భం అయిదు సార్లు. వారానికి రెండు సందర్భాలు చాలు.

ఇంట్లో ఒంటరిగా అద్దం ముందు చేసినా కొంత మేలే. ఎదుట మనిషి ఉంటే వచ్చే సిగ్గు అద్దం ముందు రాదు, తేడా అదే.

## 6. ఫంక్షన్‌కి వెళ్లక తప్పకపోతే

మొదటి నెలలో ఎగ్గొట్టగలిగినవన్నీ ఎగ్గొట్టండి. చదివింపులు ఎవరితోనైనా పంపండి. తప్పనివి కొన్నుంటాయి.

పెళ్లికి ముహూర్తానికి వెళ్లండి, ముందు రోజు రాత్రి విడిదిలో పడుకోకండి. మందు నడిచేది అక్కడే. గోదావరి జిల్లాల్లో సంక్రాంతికి అల్లుడిగా వెళితే భోగి, పండగ దాటి కనుమ నాడు పరీక్ష మొదలవుతుంది. కోడిపందేల బరి దగ్గరికి పోయి తాగకుండా వస్తానన్న మనిషిని నేను నమ్మను, మీరూ మిమ్మల్ని నమ్మకండి. దసరాకు యాట కోసే చోట కూర తిని ఇంటికి పట్టుకురావచ్చు, పంపకాలయ్యాక మందుకి కూర్చోవడం వద్దు.

చావు, దినాలు వీటన్నిటికన్నా కష్టం. దుఃఖం ఉంటుంది, పెద్దమనుషులే పోస్తారు, పోయినాయన పేరు చెప్పి పోస్తారు. “మీ నాయనకు ఇష్టం, ఒక గుక్క పట్టు” అంటే ఏం చెప్పాలో ముందే ఒకరితో అనుకుని వెళ్లండి. కార్యం పొద్దున పూట ఉంటుంది. అది అయ్యేదాకా ఉండి, భోజనాల మొదటి బంతిలో తిని వచ్చేయడం పద్ధతిగానే ఉంటుంది.

బయల్దేరే ముందు:

☐ కడుపు నిండా తిన్నారా? ఆకలి మీద వెళ్లకండి.
☐ సొంత బండి, లేదా తిరిగి వచ్చే ఆటో మాట్లాడుకున్నారా? ఇంకొకరి కారులో వెళితే వాళ్లు లేచేదాకా ఇరుక్కుపోతారు.
☐ తోడు ఎవరు? సైగ ఏమిటి? “నీకు ఫోన్ వచ్చింది” అంటే లేవాలి, అలాంటిదొకటి.
☐ జేబులో ఎంత డబ్బు? చదివింపుల కవరు, దారి ఖర్చు, అంతే.
☐ ఎన్నింటికి బయటపడతారు? ఇంట్లో ఆ టైము చెప్పి వెళ్లండి.

## 7. ఇంట్లో మాట

బయట పది మందిని తట్టుకున్నవాడు ఇంట్లో ఒక్క మాటకి జారిపోతాడు. పన్నెండు రోజులుగా ముట్టలేదు, ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఆలస్యమైంది. తలుపు తీసిన మనిషి ముందు వాసన చూస్తుంది. “మానినా ఇంతే, మానకున్నా ఇంతే” అని చెప్పులు తిప్పుకుని వెళ్లిపోతాడు. ఇద్దరి తప్పూ కాదు. పదేళ్ల అనుమానం పన్నెండు రోజుల్లో పోదు.

మానినవాళ్లకు: అనుమానించినప్పుడు సంజాయిషీ ఇవ్వకండి, వివరం ఇవ్వండి. “తాగలేదే, తాగలేదే” అని అరవడం కన్నా “ఆలస్యమైంది, ఫోన్ చేయాల్సింది, చేయలేదు. దగ్గరికొచ్చి చూసుకో” అనడం మేలు. ఆ తర్వాత, గొడవ లేని టైములో, నేను అన్న మాటతో మొదలెట్టి అడగండి. “నేను గుమ్మంలోకి రాగానే వాసన చూస్తే నాకు చచ్చినంత పనవుతుంది. లోపలికి వచ్చి కాళ్లు కడుక్కున్నాక అడుగు, చెప్తా.” “నువ్వెప్పుడూ ఇంతే” అని మొదలైన వాక్యం ఏదీ మంచిగా ముగియలేదు.

ఇంట్లోవాళ్లకు:

☐ పాత లెక్కలు తీయకండి. తీయాల్సినవే, కాని ఆరు నెలల తర్వాత, కౌన్సెలర్ ముందు.
☐ మాత్ర వేసుకోమని గుర్తు చేసే టైము ఒకటి పెట్టుకోండి, రోజుకు ఒక్కసారే.
☐ జేబులు వెతకడం మానేసి, డబ్బు సంగతి ఒప్పందంతో తేల్చుకోండి. ఏటీఎం కార్డు ఎవరి దగ్గర, రోజు ఖర్చుకి ఎంత.
☐ ఇంట్లో ఉన్న సీసాలు పారబోయండి, ఖాళీవి కూడా. ఇంటికి వచ్చే చుట్టాలకు “మా ఇంట్లో లేదండి” అని మీరే చెప్పండి, ఆ బరువు అతని మీద పెట్టకండి.
☐ కొట్టడం, బెదిరించడం జరుగుతుంటే ఇవేవీ పనిచేయవు. 181 మహిళా హెల్ప్‌లైన్. చికిత్సలో ఉన్నాడని దెబ్బలు ఓర్చుకోనక్కర్లేదు.

## 8. ఆరు నుంచి తొమ్మిది

తాగుడు మానితే రోజుకు మూడు గంటలు మిగులుతాయి. ఖాళీగా వదిలేస్తే పాతవాళ్లే వచ్చి నింపుతారు. “మంచి స్నేహితుల్ని చేసుకో” అనేది ఎవరైనా చెబుతారు. నలభై ఏళ్ల మనిషి ఎలా చేసుకుంటాడో చెప్పరు.

చిన్నగా మొదలెట్టండి. రోజూ ఒకే టైముకి ఒకే చోటికి వెళ్లండి: పార్కు, గుడి అరుగు, లైబ్రరీ, వాలీబాల్ ఆడే గ్రౌండు. మొదటి వారం నమస్కారం వరకే. రెండో వారం ఒక ప్రశ్న. మూడో వారం టీ. మందు లేకుండా మాట్లాడటమే మర్చిపోయామని చాలామంది అంటారు. మొదట నాలుక తడబడుతుంది, పరవాలేదు, అవతలివాళ్లు దాన్ని నెమ్మది మనిషి అనుకుంటారు.

తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుగా కలుసుకునే ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులు హైదరాబాద్‌తో పాటు మన పట్టణాల్లో చాలాచోట్ల తెలుగులో జరుగుతాయి. ఫీజు లేదు, ఇంటిపేరు అడగరు. ఒక్క మీటింగ్ చూసి నచ్చలేదని వదిలేయకండి, వేరే గ్రూపుకి వెళ్లి చూడండి. ఇంట్లోవాళ్లకు ఇలాంటిదే అలానాన్ అని ఉంది.

ఒంటరిగా ఉన్నప్పుడు తాగాలన్న కోరిక ఒక్కసారిగా లేస్తే, అది సాధారణంగా అరగంటలోపే దిగిపోతుంది. ఆ అరగంటకు ఫోన్ ఒకటి కావాలి. “ఎలా ఉన్నావ్” అంటూ చుట్టూ తిప్పకండి: “అన్నా, తాగాలనిపిస్తోంది. ఏమీ చెప్పక్కర్లేదు, ఒక ఇరవై నిమిషాలు మాట్లాడుతూ ఉండు.” ఇది కూడా రిహార్సల్ చేయాల్సిన వాక్యమే. ఆ మనిషికి ముందే చెప్పి ఉంచండి. ఎవరూ ఎత్తకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, పగలూ రాత్రీ తెలుగులో మాట్లాడతారు.

## 9. జారితే

జారడం జరుగుతుంది. ఒక పెగ్గు తర్వాత వచ్చే “ఎలాగూ పోయింది, ఇంక ఫుల్లే” అన్న ఆలోచన ఆ పెగ్గు కన్నా ఎక్కువ చెడగొడుతుంది.

☐ గ్లాసు కింద పెట్టి ఆ చోటు వదలండి. మిగిలిన సీసా ఇంటికి తేకండి.
☐ డైసల్ఫిరాం వాడుతూ తాగి ఉంటే, బాగానే ఉన్నా సరే, వెంటనే ఆస్పత్రికి వెళ్లి ఆ మాత్ర పేరు చెప్పండి.
☐ ఆ రాత్రే మొత్తం తెలిసిన ఇద్దరిలో ఒకరికి చెప్పండి. మర్నాటికి వాయిదా వేస్తే అబద్ధం తయారైపోతుంది.
☐ రెండో అంశంలోని అయిదు గడులు మళ్లీ నింపండి. మొదటి మాట ఎవరిది?
☐ ఓపీ తేదీ దాకా ఆగకండి, మర్నాడే రండి. తిడతారని భయమైతే చీటీ మీద రాసి ఇవ్వండి. తిట్టే చోటైతే వేరే డాక్టర్ని చూసుకోండి.
☐ నాలుగైదు రోజులు వరసగా తాగి ఉంటే సొంతంగా ఒక్కసారే ఆపకండి. ఒకటో అంశం మళ్లీ వర్తిస్తుంది.

## 10. ఓపీలో అయిదు నిమిషాలు

పెద్దాస్పత్రి ఓపీలో డాక్టర్ ముందు కూర్చునేది అయిదు నిమిషాలు. “ఎలా ఉంది?” “పరవాలేదు సార్.” అదే మాత్రలు, అదే చీటీ. ఇక్కడా మొహమాటమే. వెనక లైను ఉందని మనమే లేచొచ్చేస్తాం.

ముందు రాత్రే రాసుకోండి:

☐ పోయినసారి నుంచి ఎన్ని రోజులు తాగలేదు, ఎన్ని రోజులు తాగారు
☐ ఎన్ని మాత్రలు మిస్సయ్యాయి, ఎందుకు
☐ నిద్ర, ఆకలి, దాంపత్యం (అడగడానికి సిగ్గుపడే మూడోది చాలామంది మాత్రలు మానేయడానికి కారణం)
☐ వచ్చే పదిహేను రోజుల్లో ఉన్న గండాలు: పెళ్లి, పండగ, కూలి రోజు
☐ ఒక్క ప్రశ్న

మొదటి వాక్యంగా “సార్, మూడు విషయాలు చెప్పాలి” అనండి. అలా అన్న మనిషిని మూడోది చెప్పకుండా లేపేసిన డాక్టర్‌ని నేనింకా చూడలేదు.

టైల్స్ పనివాడు ఈమధ్య వచ్చినప్పుడు కొలతలు రాసుకునే చీటీ వెనకాల రాసుకొచ్చాడు. తాగని రోజులు 41. మిస్సయిన మాత్రలు 2. గండం: మేస్త్రీ కూతురి ఓణీల ఫంక్షన్, ఆదివారం. ప్రశ్న దగ్గర ఇలా ఉంది: “మేస్త్రీ ఫోన్‌పే చేస్తున్నడు. కానీ సోమవారం లెక్కల వంద రెండొందలు తక్కువ వస్తుంది. ఎట్ల అడగాలె?”

గోలీసోడా పక్కన పెట్టి, నేను మళ్లీ మేస్త్రీ వేషం కట్టాను.